పాత పేపర్ల గది

ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం కాంతమణి గారికి చేతకాదు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు, ఆవిడే పదిమందిలో ఒప్పుకున్న సంగతి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా కూర్చున్న మనిషి మరి. అవతలివాళ్ళు "విజయ..." అనగానే "విజయవాడా, విజయనగరమా?" అని అడిగి, జవాబు సగంలో ఉండగానే లైను కలిపేసిన చెయ్యి ఆవిడది. రిటైరై నాలుగేళ్ళయినా ఆ దూకుడు తగ్గలేదు. కూరగాయల బండివాడు "అమ్మా, టమా..." అంటే "అరకిలో చాలు" అనేస్తారు. చర్చిలో పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే తర్వాతి మాట కాంతమణి గారి నోట్లోంచి వచ్చేస్తుందని సంఘంలో అందరూ నవ్వుకుంటారు. ఆవిడా నవ్వుతారు.

అటువంటి ఇల్లాలి భర్తకు మాట పడిపోయింది.

దేవానందం మాస్టారు గుంటూరు వైపు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడిన మనిషి. మిషన్ స్కూల్లో ముప్ఫై రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పారు. జనవరిలో ఒక ఉదయం కాఫీ గ్లాసు అందుకోబోతూ కుర్చీలో పక్కకు వాలిపోయారు. పక్షవాతం. దేవుడి దయవల్ల కాలు మూడు నెలల్లో కుదుటపడింది. కుడిచెయ్యి సగం దారికి వచ్చింది. మాట మాత్రం రాలేదు. చెప్పిందంతా అర్థమవుతుంది, పేపరు చూస్తారు, నవ్వాల్సిన చోట నవ్వుతారు. నోరు తెరిస్తే "అదీ... అదీ..." తప్ప ఇంకొకటి రాదు. నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన మనిషి, మంచినీళ్ళు అడగలేక గ్లాసు వైపు చూసేవారు.

కూతురు ఎలీనా పెళ్ళి మేలో జరగాల్సింది. బొల్లారం సంబంధం, అబ్బాయి పేరు ఆషర్. బుద్ధిమంతుడు. "మాస్టారు కోలుకున్నాకే పెళ్ళి" అని వియ్యాలవారే అన్నారు. అందరూ ఆగారు.

జూలైలో ఒక ఆదివారం ఆరాధనలో అద్భుతం జరిగింది, లేదా జరిగిందని అందరూ అనుకున్నారు. సంఘమంతా లేచి కీర్తన ఎత్తుకుంది. రెండో చరణంలో కాంతమణి గారి పక్కనుంచి ఒక మగగొంతు కలిసింది. తిరిగి చూస్తే మాస్టారు! మాట మాటా తేటగా, ఒక్క అక్షరం జారకుండా, నాలుగు చరణాలూ పాడేశారు. వెనక బెంచీలో ఎవరో ఏడ్చేశారు. పాస్టరు గారు ప్రసంగం పక్కనపెట్టి స్తుతి చెల్లించారు. కాంతమణి గారి సంగతి చెప్పక్కర్లేదు. ఆరాధన ముగిసి జనం చెప్పులు వేసుకునేలోపే వియ్యాలవారికి ఫోన్ చేసి, నవంబరు రెండో శనివారమని తేదీ ఖాయం చేసి, శుభలేఖలకు ఆర్డరు కూడా ఇచ్చేశారు. లైను కలిపేసిన చెయ్యి కదా, ఎక్కడ ఆగుతుంది?

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, "ఏవండీ, ఇప్పుడు చెప్పండి, పప్పు వెయ్యనా, పులుసు పొయ్యనా?" అని మురిపెంగా అడిగారు.

మాస్టారు నోరు తెరిచారు. "అదీ..." అన్నారు. "అదీ... అదీ..."

పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయారు. ఆ పూట ఇద్దరూ సరిగా తినలేదు.

పాట వస్తుంది, మాట రాదు. ఇదెక్కడి విడ్డూరం? సోమవారం డాక్టరు దగ్గరికి వెళితే ఆయన నాలుగు నిమిషాల్లో, "అలా జరుగుతుందమ్మా, ఓపిక పట్టాలి" అని తర్వాతి పేషెంటును పిలిచేశాడు. కాంతమణి గారికి లేనిదే అది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. వీళ్ళ పెళ్ళిళ్ళలో వధువు తండ్రికి పెద్ద ప్రసంగమేమీ ఉండదు. కూతుర్ని చెయ్యి పట్టుకుని చర్చిలో పాస్టరు నిలబడే బల్ల ముందుకు నడిపించుకొస్తాడు. ఈమెను ఇచ్చేదెవరని పాస్టరు అడుగుతారు. "నేను ఇస్తున్నాను" అని తండ్రి చెప్పాలి. అంతే. ఒక్క వాక్యం. ఆ వాక్యం కోసమే తండ్రులు బతుకంతా ఎదురుచూస్తారు.

కాంతమణి గారి తమ్ముడు రోనాల్డ్ మంచివాడే, కాస్త తొందర. అక్క తమ్ముడే కదా. "బావగారికి కష్టం ఎందుకక్కా, మేనమామని నేనున్నాగా. నేను చెప్పేస్తాన్లే" అన్నాడు, మాస్టారి ఎదుటే. మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎలీనా వంటింట్లోకి వచ్చి తల్లితో మెల్లగా అంది, "నాన్న నోటివెంట రాకపోతే నేను అక్కడ నిలబడలేనమ్మా. నాన్న బతికుండగా ఇంకొకళ్ళు ఆ మాట చెప్పడమేంటి? తేదీ మార్చేద్దాం." తేదీ ఎన్నిసార్లు మారుస్తారు? ఎన్నాళ్ళని ఆగమంటారు?

మర్నాడు కాంతమణి గారు, డాక్టరు చెప్పనిది అక్కడైనా ఎవరైనా చెబుతారేమోనని, రైతుబజారు సంచీతోనే శాఖా గ్రంథాలయంలోకి నడిచారు. పాతికేళ్ళుగా ఆ గేటు ముందు నుంచే బస్సెక్కుతున్నారు గానీ లోపలికి అడుగు పెట్టలేదు. అది ఉద్యోగాల పరీక్షలు రాసే పిల్లలకీ, ఇంట్లో తోచని ముసలాళ్ళకీ అని ఆవిడ లెక్క.

లోపల నిజంగానే పరీక్షల పిల్లలే నిండి ఉన్నారు. కుర్చీలు చాలక కొందరు ఇంటి నుంచి తెచ్చుకున్నవాటిలో కూర్చున్నారు. కిటికీ పక్కన ఒక పెద్దాయన ఉర్దూ పేపరును కళ్ళకు ఆనించుకుని చదువుతున్నాడు. గుమ్మం దగ్గర బల్ల వెనక లైబ్రేరియన్ విజయేందర్, నలభై ఏళ్ళవాడు, పుస్తకానికి అట్ట వేస్తున్నాడు.

"ఏం పుస్తకం కావాలమ్మా?"

"పుస్తకం కాదు బాబూ. నాకొక సంగతి తెలియాలి."

"సంగతులు తెల్వాలనే గదమ్మా గీ పుస్తకాలు పెట్టుకున్నం. ముందుగాల జెర కూసోండ్రి."

కూర్చుని మొత్తం చెప్పారు. అడ్డు రాకుండా విన్నాడు. అంతా విని సొరుగులోంచి ఒక పొడవాటి నోట్‌బుక్ తీసి, "మనిషికి పాట వస్తది, మాట వస్తలేదు. ఎందుకు? ఏం చెయ్యాలె?" అని రాసుకున్నాడు. కాంతమణి గారు తొంగి చూశారు. ఆ ప్రశ్నకు పైన ఇంకెన్నో ఉన్నాయి. బొల్లారం నుంచి ఒక జవాను భార్యకు హిందీ ద్వారా తెలుగు నేర్పే వాచకం కావాలి, బస్సు బోర్డులు చదువుకోవడానికి. యేసురాజు అనే లిఫ్ట్ మెకానిక్‌కు షుగరు ఉన్నవాళ్ళు రాత్రి షిఫ్టులో ఏం తినాలో కావాలి. ఒకామెకు పట్టా కాగితంలో ఉన్న పాత కొలతను గజాల్లోకి మార్చడం కావాలి. కొన్నిటి పక్కన టిక్కు, కొన్నిటి పక్కన ఖాళీ.

"నా తాన లేదని మిమ్మల్ని వాపస్ పంప. మూడు దినాలు టైమియ్యండ్రి" అన్నాడు విజయేందర్.

ఆ ఆరు నెలల్లో ఆవిడ మాటను అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్ళు లేరు. బయటికొచ్చి బస్టాపులో నిలబడితే కారణం లేకుండా కళ్ళు తడిశాయి. బస్సు ఒకటి వదిలేశారు కూడా.

మూడు రోజులన్నవాడు రెండో రోజే ఫోన్ చేశాడు. నగరంలో పెద్ద లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెప్పించాడు, పక్షవాతం తర్వాత మాట తిరిగి తెచ్చుకోవడం గురించి. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. కాంతమణి గారికి ఇంగ్లీషు రాక కాదు, అందులో ప్రతి మూడో మాటా డాక్టర్ల భాషే. విజయేందర్ హాలులోకి చూసి చెయ్యి ఊపాడు. స్టాఫ్ నర్సు పరీక్షకు చదువుకుంటున్న సృజన అనే మల్కాజ్‌గిరి అమ్మాయి లేచి వచ్చింది.

"ఆంటీ, మాటలు పుట్టేటి జాగ వేరే, పాట పుట్టేటి జాగ వేరే. అంకుల్‌కు మాటల సైడు దెబ్బ తగిలింది. పాట సైడు మంచిగనే ఉంది" అంటూ వేలితో తన తలకు రెండు పక్కలా చూపించింది. "అందుకే మాటను పాట లెక్క అనిపించాలె. ఎడమ చేత్తోని మెల్లగ తాళమేసుకుంట. తర్వాత తర్వాత రాగం తగ్గించుకుంట పోవాలె."

తన చదువు మానుకుని రెండు గంటలు కూర్చుని, ముఖ్యమైనవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చింది. కాంతమణి గారు చదువుకుంటూ వచ్చి చివరి వాక్యం దగ్గర ఆగిపోయారు. "రోగి మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మనం అందించకూడదు. మనసులో ఇరవై లెక్కపెట్టుకుంటూ ఆగాలి."

"ఇది నాకోసమే రాశారు" అన్నారు, కొంచెం కోపంగానే.

ఇంట్లో మొదలుపెట్టారు గానీ పని జరగలేదు. ఫోన్లు, పలకరింపులకొచ్చే చుట్టాలు, పక్కవాటాలో టీవీ. చూసినవాళ్ళంతా జాలిగా తలలూపడం. మాస్టారు సిగ్గుపడి నోరు కుట్టేసుకున్నారు. ఆ సంగతి విని విజయేందర్ లైబ్రరీ వెనక గది తాళం తీశాడు. పాత పేపర్లు కట్టలు కట్టి పెట్టే గది. రెండు స్టూళ్ళు, ఒక ఫ్యాను. మూడింటికి పిల్లలు చాయ్‌కి పోతారు కాబట్టి మూడు నుంచి నాలుగు దాకా ఆ గది మాస్టారిది. "నిశ్శబ్దం పాటించండి" అనే బోర్డును అక్కడి తలుపు మీది నుంచి తనే పీకేశాడు.

అయిదో రోజున గొడవ వచ్చింది. బ్రహ్మచారి అనే పేరుగల, అరవై దాటిన వడ్రంగి రోజూ మధ్యాహ్నం పని దిగి పేపరు చదవడానికి వచ్చేవాడు. హాలులో ఎవరు దగ్గినా కళ్ళజోడు పైనుంచి ఉరిమి చూసే మనిషి. వెనక గదిలోంచి "నే...ను... ఇస్తు...న్నా...ను" అని రాగం, దాని వెంటే కాంతమణి గారి "ఆ, ఆ, ఇస్తున్నాను, అనండి, ఇస్తున్నాను!" వినిపించేసరికి పేపరు మడిచి లేచాడు.

"ఏందీ విజయేందర్? ఇది లైబ్రరీయా, భజన మందిరమా?"

విజయేందర్ సంగతి చెప్పాడు. బ్రహ్మచారి వెనక్కి నడిచి గది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. మాస్టారు "నే..." అనగానే భార్య "నేను" అనడం, ఆయన నోరు మూసుకోవడం, రెండుసార్లు చూశాడు.

"అమ్మా, ఏమనుకోకుండ్రి. చెక్కకు జిగురు పెట్టి, ఆరకముందే గుంజితే ఏమైతది?"

"ఊడొస్తుంది."

"గదే జేస్తున్నరు మీరు. బయట కూసోండ్రి. నేను కూసుంట సారు తాన."

కాంతమణి గారికి ఒళ్ళు మండింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం. మొన్న వచ్చిన వడ్రంగి బయటికి పొమ్మనడమా? మొగుడి వైపు చూశారు, వెళ్ళొద్దంటారేమోనని. మాస్టారు చూపు దించుకున్నారు. ఆ దించుకోవడం ఆవిడకు అర్థమైంది. అలా అర్థమైనందుకే ఎక్కువ బాధ వేసింది. సంచీ తీసుకుని హాలులోకి పోయి సృజన పక్క కుర్చీలో కూర్చున్నారు.

ఆ రోజు నుంచి మూడున్నర నెలలు ఆవిడ చోటు అదే. మొదటి వారం తలుపు వైపే చెవి పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఊరికే ఎందుకని వారపత్రిక తిరగేశారు. ఆ తర్వాత, బొల్లారం జవాను భార్యకు వాచకం వచ్చాక, వారానికి రెండు రోజులు ఆమె చేత పాఠం చదివించే పని విజయేందర్ ఈవిడకు అప్పగించాడు. కావాలనే అప్పగించాడో ఏమో. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని "మ...ల్కా...జ్..." అంటుంటే కాంతమణి గారి నాలుక చివర ఊరి పేరు మొత్తం ఆడేది. పళ్ళు బిగపట్టి లెక్కపెట్టుకునేవారు. మొదట్లో ఆరు దాకా వచ్చేసరికే ప్రాణం పోయినట్టుండేది. సెప్టెంబరు వచ్చేసరికి పద్నాలుగు దాకా ఆగగలిగారు. అరవై నాలుగేళ్ళ వయసులో ఆవిడ నేర్చుకున్న కొత్త విద్య అది.

లోపల మగవాళ్ళిద్దరి మధ్యా ఏం జరిగేదో ఎవరూ తొంగిచూడలేదు. రాగం మాత్రం వారం వారం పలచబడుతూ వచ్చింది. అక్టోబరు చివర్లో ఒకరోజు బ్రహ్మచారి తలుపు తెరిచి కాంతమణి గారినీ, సృజననీ, విజయేందర్‌నీ పిలిచాడు. మాస్టారు స్టూలు మీద నిటారుగా కూర్చుని, ఎడమచేత్తో తొడ మీద మెల్లగా తట్టుకుంటూ, రాగం లేకుండా అన్నారు: "నేను... ఇస్తున్నాను."

కాంతమణి గారు పేపర్ల కట్ట మీద కూలబడి ఏడ్చారు. ఎవరూ ఆపలేదు.

"కానీ అమ్మా," అన్నాడు విజయేందర్, దాచిపెట్టడం ఇష్టంలేక, "ఈడ నలుగురమే ఉన్నం. ఆడ నాలుగు వందల మంది ఉంటరు. పరేషాన్ అయితే మాట మళ్ళ లోపలికే పోతదని సృజన అంటున్నది."

నిజమే. ఆ ఒక్క వాక్యం తప్ప మాస్టారికి సొంతంగా ఇంకొకటి వచ్చేది కాదు. కాఫీ కావాలన్నా, కిటికీ వెయ్యాలన్నా ఇంకా "అదీ" అనే. ఒక్క మేకు మీద పెళ్ళంతా వేలాడుతోంది. ఆ మేకు కూడా జారితే?

నవంబరు రెండో శనివారం చర్చి కిటకిటలాడింది. కాంతమణి గారు పట్టుబట్టి పిలిచిన లైబ్రరీ జనం కుడివైపు మూడో వరసలో కూర్చున్నారు. విజయేందర్ ఇస్త్రీ చొక్కాలో, సృజన పట్టు లంగా వోణీలో, బ్రహ్మచారి తెల్ల పంచెలో. బ్రహ్మచారి చర్చిలోకి రావడం అదే మొదటిసారి. అందరూ లేచినప్పుడు లేస్తూ, కూర్చున్నప్పుడు కూర్చుంటూ, మహా జాగ్రత్తగా ఉన్నాడు.

మాస్టారు ఎలీనాను నడిపించుకొచ్చారు. కాలు కొంచెం ఈడ్చినా అడుగు తడబడలేదు. పాస్టరు గారు పుస్తకం తెరిచి, జనం వైపు చూసి, ఈ కుమార్తెను ఇచ్చేవారెవరని అడిగారు.

మాస్టారు నోరు తెరిచారు.

ఏమీ రాలేదు.

పైన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు. మాస్టారి మెడ మీద నరం ఉబ్బింది. ఎలీనా తండ్రి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, కానీ తల దించలేదు. ముందు బెంచీలో రోనాల్డ్ సర్దుకుని కూర్చున్నాడు. అతని పెదవులు కదలడం కాంతమణి గారు చూశారు. తమ్ముడి చెయ్యి పట్టుకుని కిందికి నొక్కేశారు. ఆవిడ నోట్లోనూ ఆ వాక్యం సిద్ధంగా ఉంది. ఒక్క రెప్పపాటులో అనేసి భర్తను ఆ బాధలోంచి బయటపడెయ్యొచ్చు. ఏడు... ఎనిమిది... తొమ్మిది... పాస్టరు గారు ఆవిడ వైపు చూశారు, ఏం చెయ్యమంటావమ్మా అన్నట్టు. ఆవిడ ఆగమన్నట్టు తలూపారు. పదిహేను... పదహారు...

"నేను" అన్నారు మాస్టారు.

హమ్మయ్య అని వెనక ఎవరో గొణిగారు. చాల్లే అనుకుని పాస్టరు గారు పేజీ తిప్పబోయారు. మాస్టారు ఎడమచెయ్యి ఎత్తి ఆపారు. ఇంకా అవలేదు. ముందు బెంచీ వైపు తిరిగారు. కాంతమణి గారి కళ్ళలోకి సూటిగా చూశారు.

"నేనూ... కాం...త... కాంతమణీ... ఇస్తున్నాం."

తర్వాత ఏం జరిగిందో కాంతమణి గారికి సరిగా గుర్తులేదు. ఉంగరాలు మార్చుకోవడం, ప్రమాణాలు, అన్నీ నీళ్ళలోంచి చూసినట్టు చూశారు. బయట పందిట్లో భోజనాలు మొదలయ్యాక నేరుగా లైబ్రరీ జనం కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళారు.

"బ్రహ్మచారి గారూ, నా పేరు అనడం ఎప్పుడు నేర్పారండీ? నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

బ్రహ్మచారి చేతిలో ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాడు. "మేం నేర్పలేదమ్మా. ఒట్టు. మేం నేర్పింది ఒక్కటే మాట. గా మాట సారే సొంతంగ అన్నడు."

సృజన కళ్ళు పెద్దవి చేసుకుని, "ఆంటీ, సొంతంగ అన్నడంటే... మాట వస్తున్నట్టే ఆంటీ!" అంది.

కాంతమణి గారు విజయేందర్ రెండు చేతులూ పట్టుకున్నారు. అతను ఎంగిలిచెయ్యి లాక్కోబోతే వదల్లేదు. "బాబూ, ఒక సంగతి కావాలని సంచీతో వచ్చాను. లేదు పొమ్మంటే పోయేదాన్ని, అలా పోవడం నాకు అలవాటైపోయింది. నువ్వు రాసుకున్నావు. మా మనిషిని మాకు తిరిగిచ్చారు, మీరందరూ. బతికున్నంతకాలం మర్చిపోను."

విజయేందర్ ఏదో అనబోయి, సగంలోనే ఆగిపోయాడు. కాంతమణి గారు ఆ చేతులు అలాగే పట్టుకుని, అతని మాట వచ్చేదాకా నిలబడ్డారు.